ఓక్లహోమాలో గాలివాన చూడాలంటే ముందు బూట్లు వేసుకోండి

మేము అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో ఉన్న నార్మన్ వచ్చిన మొదటి ఏడాది, మార్చి నెలలో ఒక శనివారం, సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి, సుడిగాలి వస్తోందని హెచ్చరించే టోర్నడో సైరన్ మోగింది. పొయ్యి ఆపేసి, మావారిని లాక్కుని బాత్రూంలో దూరాను. ఇద్దరం టబ్బులో కూర్చుని నెత్తిన దిండ్లు పెట్టుకున్నాం. పావుగంటైనా ఏమీ కాలేదు. మెల్లిగా బయటికొచ్చి కిటికీలోంచి చూస్తే ఎండ కాస్తోంది, ఎదురింటాయన తీరిగ్గా గడ్డి కోసుకుంటున్నాడు. ఇక్కడ శనివారం మధ్యాహ్నం సైరన్లు పనిచేస్తున్నాయో లేదో మోగించి చూసుకుంటారని ఆ తర్వాత తెలిసింది.

రెండోసారి నిజంగానే మోగింది. ఈసారి తెలివి మీరిపోయి, ఫోన్ పట్టుకుని బాల్కనీలో నిలబడి వీడియో తీస్తున్నాను. పడమర ఆకాశం నల్లగా లేదు, పాచి పట్టిన నూతి నీళ్ళలా పచ్చగా ఉంది. కింద వాటా పెద్దావిడ తలుపు తీసి, "ఏం చూస్తున్నావు హనీ, కిందికి రా. బూట్లు వేసుకుని రా" అని అరిచింది. ప్రాణం పోతుంటే బూట్లేమిటో అప్పుడు అర్థం కాలేదు. ఆవిడ బట్టల అల్మారా గదిలో, కుక్కతో కలిపి నలుగురం, ముప్పావుగంట కూర్చున్నాం. టోర్నడో మా వీధి దాకా రాలేదు. వడగళ్ళు మాత్రం మా కారు ముందద్దాన్ని సాలెగూడు చేసి పోయాయి.

ఆ ముప్పావుగంటలో నాకు ఎంత భయం వేసిందో అంత సంబరంగానూ ఉంది. ఒప్పుకోవడానికి సిగ్గే కానీ, నిజం. తొమ్మిదేళ్ళయింది. ఏప్రిల్ వచ్చిందంటే మావారికి టెన్షన్ మొదలవుతుంది, నాకేమో పండగ. కొత్తగా ఉద్యోగానికో చదువుకో ఇక్కడికొచ్చిన తెలుగువాళ్ళు నన్ను రెండే అడుగుతారు: భయపడాలా, చూడొచ్చా? రెండూ చెయ్యాలి. ఏది ఎప్పుడు చెయ్యాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఒక మాట. టోర్నడో కోసం వెతక్కండి. అది రావడానికి నాలుగైదు గంటల ముందు నుంచీ, గాలివాన దాటిపోయాక కూడా కొంతసేపు ఆకాశం చేసే పనులే చూడదగ్గవి. ఇక్కడ పుట్టి పెరిగి ఒక్క టోర్నడోని కూడా కంటితో చూడనివాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు. ఆకాశం చూడనివాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

ఇంకోటి. మనం ఫోన్లో ఇంటికి "ఇక్కడ తుఫాను" అని చెబుతాం. ఆ మాటతో వాళ్ళు ఊహించేది వేరు. సముద్రం మీంచి వచ్చే తుఫాను వందల కిలోమీటర్ల మేర ఉంటుంది, మనం దాని కడుపులో ఉంటాం, రెండు రోజులు ఏమీ కనబడదు. ఇక్కడి సూపర్‌సెల్ అలా కాదు. ఇరవై ముప్ఫై కిలోమీటర్ల వెడల్పు, పదిహేను కిలోమీటర్ల ఎత్తున్న ఒంటరి మేఘం అది. మొత్తంగా గిర్రున తిరుగుతూ, ఎక్కువసార్లు ఈశాన్యం వైపు నడుస్తూ పోతుంది. నేల చాపలా చదునుగా ఉంటుంది కాబట్టి పదుల కిలోమీటర్ల దూరం నుంచి కూడా పాదం నుంచి తల దాకా కనబడుతుంది. పక్కన నిలబడి చూడగలిగిన గాలివాన ఇది. అదే దీని ప్రత్యేకత.

పొద్దున్నే చూడాల్సింది

దేశం మొత్తానికి ఉరుముల వానల అంచనాలు వేసే స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్ మా ఊళ్ళోనే, యూనివర్సిటీ ఆవరణలోని నేషనల్ వెదర్ సెంటర్ భవనంలో ఉంది. వాళ్ళ మ్యాప్ ఉచితం. వేసవి సమయం ప్రకారం రాత్రి ఒంటిగంటకి, పొద్దున 8కి, 11:30కి, మధ్యాహ్నం 3కి, రాత్రి 8కి మారుస్తారు. నేను పొద్దుటి కాఫీతో ఒకటి, మధ్యాహ్నం భోజనం ముందు ఒకటి చూస్తాను.

అందులో ఐదు మెట్లుంటాయి. ముదురు ఆకుపచ్చ ఒకటి, పసుపు రెండు, నారింజ మూడు, ఎరుపు నాలుగు, మెజెంటా ఐదు. కొత్తవాళ్ళంతా పొరబడేది ఇక్కడే. ఈ రంగులు గాలివాన ఎంత పెద్దదో అనేదానికంటే, మీకు దాదాపు 25 మైళ్ళ లోపల అలాంటిది జరిగే అవకాశం ఎంతో ఎక్కువగా చెబుతాయి. పసుపు రోజున కూడా ఒక్కటంటే ఒక్క మేఘం పుట్టి, సరిగ్గా మీ ఇంటి మీదకే రావచ్చు. 2019 మే 20న మాకు ఐదో మెట్టు పెట్టారు. బళ్ళు మూసేశారు, ఊళ్ళన్నీ ఊపిరి బిగబట్టాయి. టోర్నడోలు రాకపోలేదు కానీ, ఓక్లహోమా సిటీ నగరం చుట్టుపక్కల భయపడినంత జరగలేదు. అది చూసి "వీళ్ళు ఊరికే భయపెడతారు" అనే స్నేహితులు నాకున్నారు. వాళ్ళతో వాదించడం మానేశాను.

నా లెక్క ఇది: ఒకటీ రెండూ అయితే పనులేవీ మానను. మూడయితే ఫోన్లు చార్జింగ్, కారు నీడన, అంటే కప్పు ఉన్న పార్కింగ్‌లో. నాలుగూ ఐదూ అయితే మూడింటికల్లా ఇల్లు చేరతాను. మా మేనేజర్ కూడా ఇక్కడివాడే కాబట్టి నోరు తెరిచి అడగక్కర్లేదు.

మధ్యాహ్నం, ఒంటి మీద తెలిసేది

ఈ వానలు ఎలా పుడతాయో కొంచెం తెలిస్తే చూడటంలో రుచి పదింతలవుతుంది. ఆగ్నేయం నుంచి మెక్సికో సింధుశాఖ తేమ వస్తుంది. పడమర నుంచి ఎత్తు మీది ఎడారి పొడి గాలి వస్తుంది. రెండూ తారసపడే గీతని డ్రైలైన్ అంటారు. ఈ గీతని మీరు కళ్ళారా మ్యాప్‌లో చూడొచ్చు. ఓక్లహోమా మెసోనెట్ అని 1994 నుంచి నడుస్తున్న ఏర్పాటు ఒకటుంది. మొత్తం 77 కౌంటీల్లో, కౌంటీకి కనీసం ఒకటి చొప్పున, 120 దాకా వాతావరణ స్టేషన్లు ఐదు నిమిషాలకోసారి లెక్కలు పంపుతుంటాయి. అందులో డ్యూపాయింట్ మ్యాప్ తెరవండి, గాలిలో తేమ ఎంతుందో చెప్పే లెక్క అది. ఫారెన్‌హీట్‌లో పడమర 30లు, మన దగ్గర 65 దాటిందంటే, మధ్యలో ఎక్కడో ఆ గీత ఉందన్నమాట.

మ్యాప్ లేకపోయినా పర్వాలేదు. గుమ్మం బయట కాలు పెట్టగానే చొక్కా వీపుకి అతుక్కుంటే, దక్షిణపు గాలి ఆగకుండా తోస్తుంటే, డ్యూపాయింట్ ఎక్కువే ఉందని అర్థం. ఉక్కపోత మనకి ఒకరు నేర్పాలా!

ఇంత తేమ ఉన్నా, చాలాసార్లు సాయంత్రం దాకా ఆకాశంలో ఏమీ ఉండదు. పైన ఒక వెచ్చని గాలి పొర గిన్నె మీద మూతలా కూర్చుని ఉంటుంది. దాన్ని ఇక్కడివాళ్ళు క్యాప్ అంటారు. కింద మరుగుతూ ఉంటుంది, మూత లేవదు. లేచిందా, మబ్బు అరగంటలో ఆకాశాన్ని అంటుతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన గంట ఇదే, మూత లేస్తుందా లేదా అని ఎదురుచూసే గంట. అప్పుడు పడమర మబ్బుల అంచులు గమనించండి. అంచులు దూది పింజల్లా చెదిరిపోతుంటే ఆ మబ్బు చస్తోంది. కాలీఫ్లవర్‌లా గట్టిగా, చెక్కినట్టు ఉండి, చూస్తుండగానే పైకి పొంగుతుంటే మూత లేచినట్టే. పైకంటా పోయి ఇక ఎక్కలేక, కమ్మరి దాగలిలా అడ్డంగా పరుచుకుంటుంది. దాగలి మధ్యలో ఇంకా ఒక బొడిపె పైకి తోసుకొస్తుంటే ఆ మేఘం మహా బలంగా ఉందని గుర్తు.

వాచ్, వార్నింగ్

త్వరగా చెప్పేస్తాను, కానీ కంఠతా పట్టండి. వాచ్ అంటే రాగల కొన్ని గంటల్లో ఇలాంటిది పుట్టడానికి అన్నీ కుదిరాయని, పెద్ద ప్రాంతానికి ఇచ్చేది. వార్నింగ్ అంటే పుట్టింది, వస్తోంది, మీ వైపే అని, చిన్న ప్రాంతానికి, అరగంటకో ముప్పావుగంటకో ఇచ్చేది. దీన్ని మ్యాప్ మీద బహుభుజిలా గీస్తారు. మీరు అందులో ఉంటే చూడటం అయిపోయినట్టే. సైరన్లు బయట ఉన్నవాళ్ళని లోపలికి తరమడానికి. లోపల నిద్రపోతున్నవాళ్ళకి వినబడాలని లేదు. అందుకే ఫోన్లో అత్యవసర హెచ్చరికలు ఆపకండి, వాతావరణ హెచ్చరికలు వినిపించే ఒక వెదర్ రేడియో కొని మంచం పక్కన పెట్టుకోండి. రాత్రి పూట వచ్చేవే నాకు నిజమైన భయం. చూడటానికి ఏమీ ఉండదు, మెరుపు మెరిసినప్పుడు తప్ప.

ఎక్కడ నిలబడాలి

పడమర వైపు అడ్డం లేని చోటు కావాలి, తలుపు రెండడుగుల దూరంలో ఉండాలి. కొండ, గుట్ట, నీళ్ళ ట్యాంకు మీద కాదు. నా పద్ధతి మూడు మజిలీలు.

మొదటి ఉరుము వినబడేదాకా బయట ఉంటాను. అప్పటిదాకా గాలి వెనక నుంచి, అంటే ఆగ్నేయం నుంచి, మేఘం వైపు వీస్తూ ఉంటుంది. మేఘం ఊపిరి పీల్చుకుంటున్నట్టు మన వెంట్రుకల్ని కూడా అటే లాగుతుంది. పిట్టలు కూతలు మానేస్తాయి. వెలుగు పచ్చబడుతుంది. ఈ ఘట్టాన్ని ఫోన్లో పట్టుకోవడం కుదరదు, తొమ్మిదేళ్ళుగా పట్టలేక వదిలేశాను.

ఉరుము వినబడిందంటే పిడుగు మిమ్మల్ని అందుకోగల దూరంలోనే ఉన్నట్టు. మెరుపుకీ ఉరుముకీ మధ్య ఐదు సెకన్లకి ఒక మైలు అని లెక్కపెట్టుకోవడం సరదాకే, ధైర్యానికి కాదు. వాన లేని చోట, ఎండ ఉన్న చోట కూడా పది మైళ్ళ అవతలి నుంచి వచ్చి పడుతుంది. 2017 అక్టోబరు 22న ఒకే ఒక్క మెరుపు తూర్పు టెక్సస్ నుంచి కాన్సస్ సిటీ దాకా, 829 కిలోమీటర్లు పాకింది. ప్రపంచ వాతావరణ సంస్థ 2025లో దాన్ని రికార్డుగా ఒప్పుకుంది. ఆ సంగతి చదివాక బాల్కనీ మీద నాకున్న మోజు పోయింది.

కాబట్టి రెండో మజిలీ లోపల, కిటికీ దగ్గర. గాలి ఒక్కసారి తిరగబడి, మేఘం వైపు నుంచి ఫ్రిజ్ తలుపు తీసినట్టు చల్లగా కొడితే వాన నిమిషాల్లో ఉన్నట్టు. మెరుపుల ఫోటోలు తియ్యాలంటే గదిలో దీపాలు ఆర్పి, కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి, లెన్స్‌ని అద్దానికి ఆనించండి. ఐఎస్ఓ 100, ఎపర్చర్ 8, షట్టర్ పది నుంచి ఇరవై సెకన్లు, ఫోకస్ చేత్తో దూరానికి. వరసగా తీస్తూ పొండి. వంద తీస్తే మూడు వస్తాయి. చాలు.

వడగళ్ళు తగలగానే, లేదా వార్నింగ్ రాగానే, మూడో మజిలీ. కిటికీ వదిలేసి లోపలి గదికి. అన్నిటికంటే కింది అంతస్తు, కిటికీలు లేని గది, బయటి గోడకి దూరం. బాత్రూం, అల్మారా గది, మెట్ల కింద జాగా, ఏదైనా సరే. అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో ఉంటే కింద వాటా వాళ్ళని ఎండ కాసే రోజునే పలకరించి పెట్టుకోండి. సైరన్ మోగుతుంటే పరిచయాలు కుదరవు. కిటికీలు తెరిస్తే ఒత్తిడి తగ్గి ఇల్లు నిలుస్తుందనేది వట్టిమాట, అందుకోసం ఒక్క క్షణం కూడా పోగొట్టుకోవద్దు. ఇప్పుడు మాకు సొంతిల్లు, గరాజ్ నేలలో దించిన ఇనుప గది ఉంది. మూత జరిపి ఆరు మెట్లు దిగాలి. మావారు అందులో వైఫై కూడా అందుతుందని పరీక్షించి చూసుకున్నారు.

బూట్లు ఎందుకంటే

టోర్నడో దాటాక బతికినవాళ్ళు నడవాల్సింది పగిలిన అద్దాల మీద, మేకులు తేలిన చెక్కల మీద. మనం ఇంట్లో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళం. పెద్దావిడ అరుపు వెనక ఉన్నది అది. 2013 మే 20న మా పక్క ఊరు మూర్‌లో 24 మంది పోయారు. ఆ రోజు చూసినవాళ్ళెవరూ బూట్ల గురించి నవ్వరు.

బూట్లు, సైకిల్ హెల్మెట్, టార్చి, విజిల్, మందులు, నీళ్ళు, పవర్ బ్యాంక్. వీటితోపాటు మనలాంటివాళ్ళకి ఇంకో సంచి ఉండాలి. పాస్‌పోర్టులు, ఇమిగ్రేషన్ వాళ్ళిచ్చిన ఐ-797 కాగితం, చదువుకునేవాళ్ళయితే యూనివర్సిటీ ఇచ్చే ఐ-20, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, అన్నీ జిప్ కవర్‌లో. కాపీలు ఆన్‌లైన్‌లో దాచుకోండి. ఇల్లు పోతే ఇన్సూరెన్స్ వస్తుంది. కాగితం పోతే దాని కోసం తిరిగే తిరుగుడు నాకు తలుచుకుంటేనే నీరసం.

ఇన్సూరెన్స్ అంటే గుర్తొచ్చింది. కారుకి కాంప్రిహెన్సివ్, అంటే ఢీకొనడం కాక ఇతర నష్టాలకి వర్తించే బీమా, ఉంటేనే వడగళ్ళ నష్టం వస్తుంది. పాత కారు కదా అని దాన్ని తీసేయించి, ఆ సాలెగూడు అద్దానికి మా జేబులోంచే కట్టాం.

టోర్నడో వెంటపడటం గురించి

కొత్తవాళ్ళలో కుర్రాళ్ళు అందరూ అడిగేది ఇదే. మొదటి రెండేళ్ళు వద్దు. తర్వాత కూడా నన్నడిగితే వద్దనే అంటాను. 2013 మే 31న ఇక్కడి ఎల్ రెనో ఊరి దగ్గర వచ్చిన టోర్నడో 2.6 మైళ్ళ వెడల్పు. వాన తెరల మాటున ఉండటంతో చాలామందికి దాని అంచులే తెలియలేదు, దారి కూడా ఉన్నట్టుండి మార్చింది. అందులో టోర్నడో పరిశోధకుడు టిమ్ సమరస్, ఆయన కొడుకు పాల్, తోటి పరిశోధకుడు కార్ల్ యంగ్ ముగ్గురూ చనిపోయారు. సమరస్ ఆకతాయి కాదు. 2003లో సౌత్ డకోటాలో టోర్నడో దారిలో పరికరం పెట్టి, లోపల గాలి ఒత్తిడి 100 మిల్లీబార్లు పడిపోవడాన్ని కొలిచినవాడు. అలాంటాయనకే తప్పలేదు.

అదే సాయంత్రం నగరంలో జనం పారిపోదామని కార్లెక్కి రోడ్ల మీద ఇరుక్కుపోయారు. రాత్రి కుండపోత వచ్చి వరదకి పోయినవాళ్ళే టోర్నడోకి పోయినవాళ్ళకంటే ఎక్కువ. అందుకే వార్నింగ్ వచ్చాక కారెక్కొద్దంటారు. అడుగు లోతు నీళ్ళు చిన్న కారుని తేల్చేస్తాయి. ఇక దారిలో ఫ్లైఓవర్ కింద ఆగడం మహా తప్పు. అక్కడ గాలి ఇంకా ఇరుకై కోసుకుపోతుంది, 1999 మే 3న అలా దాక్కుని చనిపోయినవాళ్ళున్నారు. ఒక్క మినహాయింపు, మొబైల్ హోమ్‌లో ఉండేవాళ్ళు. వాళ్ళు వాచ్ రాగానే, వార్నింగ్ దాకా ఆగకుండా, గట్టి భవనానికి వెళ్ళిపోవాలి.

తపన తీరకపోతే నేషనల్ వెదర్ సర్వీస్ ఉచితంగా నడిపే స్కైవార్న్ స్పాటర్ క్లాసుకి, అంటే గాలివానల్ని గమనించి కబురు చెప్పడం నేర్పే క్లాసుకి, వెళ్ళండి. సుమారు రెండు గంటలు. ఉత్త వేలాడే మబ్బుకీ, మేఘం అడుగు నుంచి గోడలా దిగి తిరుగుతున్న వాల్ క్లౌడ్‌కీ తేడా అక్కడే నేర్చుకున్నాను. అంతకుముందు కిందికి సాగిన ప్రతి మబ్బు ముక్కనీ టోర్నడో అని మావారికి ఫోన్ చేసేదాన్ని. ఆఫీసులో ఆయన పరువు ఎలా నిలిచిందో తెలియదు.

దాటాక

ఆఖరి ఉరుము విని ముప్పై నిమిషాలయ్యాక బయటికి రండి. అందరూ పడమర చూస్తూ "అయిపోయింది" అని లోపలికి వెళ్ళిపోతారు. మీరు తూర్పుకి తిరగండి. పడమర మబ్బు విడిపోయి పొద్దుగూకే ఎండ కింది నుంచి కొడుతుంటే, తూర్పుకి పోతున్న ఆ కొండంత మేఘం మొత్తం బంగారం పోసినట్టు వెలుగుతుంది. దాగలి అడుగున తిత్తులు తిత్తులుగా మబ్బులు వేలాడతాయి, వాటిని మామ్మటస్ అంటారు. దాని ముందు ఇంద్రధనస్సు, లోపల ఇంకా మెరుపులు. ఒక మే నెలలో ఇవన్నీ ఒకేసారి చూసి, వంట మాట మరిచిపోయి వీధిలో కూర్చుండిపోయాను.

వీధి మొత్తం బయటే ఉంటుంది. పిల్లలు వడగళ్ళు ఏరుతుంటారు, పెద్దవాళ్ళు పక్కన క్వార్టర్ (పావు డాలరు) బిళ్ళ పెట్టి కొలుస్తుంటారు. అంగుళం ఉంటే తీవ్రమైనది కింద లెక్క, క్వార్టర్ కూడా ఇంచుమించు అంతే. తర్వాత గోల్ఫ్ బంతి, బేస్‌బాల్ అని పెరుగుతూ పోతుంది. మా ఫ్రీజర్‌లో బఠాణీల సంచి వెనక గోల్ఫ్ బంతంత గడ్డ ఒకటి మూడేళ్ళుగా ఉంది. కరెంటు పోయినప్పుడల్లా కొంచెం కొంచెం చిక్కిపోతోంది.

ఇక ఇంటికి కబురు. ఇక్కడ సాయంత్రం ఆరంటే అక్కడ తెల్లవారుజాము నాలుగున్నర. అమ్మ లేచి ఫోన్ తెరిచేసరికి వార్తల్లో "ఓక్లహోమా" అన్న మాట, ఎగిరిపోయిన ఇళ్ళ బొమ్మలు కనబడతాయి. మనం ఆ ఊళ్ళో ఉన్నామో, రెండొందల మైళ్ళ అవతల ఉన్నామో ఆవిడకి తేడా ఉండదు. అందుకే ఇనుప గది మెట్లు ఎక్కి పైకి రాగానే ఎంత సంబరంగా ఉన్నా ముందు రెండు ముక్కలు పంపుతాను: "వాన వెలిసింది. భోజనం చేస్తున్నాం." తూర్పు వైపు తీసిన ఫోటో తర్వాత పంపుతాను, ఆవిడ కాఫీ తాగాక.